ముప్పై నాలుగో వారం

కాలువల శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు మొన్న మా ఇంటికి వచ్చారు. పెద్దాయన దగ్గర నాలుగు అనుభవాలు అడిగి పోదామని వచ్చినట్టున్నారు. గండి పడితే ఇసుక బస్తాలు ఎలా వేశారు, రైతులు కట్టెలు పట్టుకుని మీదికొస్తే ఎలా సర్దిచెప్పారు, ఇలాంటివి చెబుతానని కాచుకుని కూర్చున్నారు. నేను గోవా గురించి మొదలుపెట్టాను. ఒకడు మెల్లగా ఫోన్ తీశాడు. పెద్దాయనకు మతి తప్పిందని ఎవరికో మెసేజ్ పెట్టి ఉంటాడు. పెట్టుకోనీ. ఇంతలో మా ఆవిడ ఉగ్గాని, బజ్జీలు తెచ్చింది. అవి తిన్నాక ఎవరికీ నా సర్వీసు మీద ఆసక్తి మిగలలేదు. అందుకే చెప్పాలనుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. ఇది చదువుతూ తినడానికి మాత్రం ఏమీ పెట్టలేను.

తుంగభద్ర దిగువ కాలువ మీద ముప్పై ఏళ్లకు పైగా వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. చివరి పోస్టింగు ఎమ్మిగనూరు. పేరు గొప్పగా ఉంది గానీ పని ఒక్కటే. ఎవరి వంతు ఎప్పుడో చెప్పడం, ఆ వంతులో వాళ్లకు నీళ్లు రాకపోతే వాళ్ల చేత తిట్లు తినడం. కాలువ నీళ్లు అందరికీ ఒకేసారి చాలవు కాబట్టి పై రైతుకు కొన్ని రోజులు, కింది రైతుకు కొన్ని రోజులు అని వంతులు పెడతారు. పై రైతు తన వంతు అయిపోయాక కూడా గట్టు మీదుగా పైపు వేసి లాగుతాడు. కింది రైతు తన వంతు వచ్చాక కూడా ఎండిన కాలువలో నిలబడి పైకి చూస్తుంటాడు. కాలువ కొసన ఉండేది ఆఖరి తూము. కాగితాల మీద అక్కడికి ఏటా నీళ్లు చేరతాయి. నా డ్యూటీ ఆ ఆఖరి తూము దగ్గర. అక్కడ నేను నేర్చుకున్న తిట్లన్నీ ఒకచోట రాస్తే నిఘంటువు అవుతుంది.

నాకు ఎగువన, కాలువ నడిమి భాగం చూసేవాడు ఆదోని మనిషి. మేమంతా అతన్ని భాయ్ అనేవాళ్లం. వాళ్ల నాయన ఎమ్మిగనూరు జాతరలో ఎద్దుల దళారి. ఎద్దుల బేరం నోటితో చెయ్యరు. ఇద్దరి చేతుల మీద తువ్వాల కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని చేస్తారు. ఎన్ని వేళ్లు పడితే అంత ధర, పక్కనున్నవాడికి తెలియదు. భాయ్‌కి తండ్రి వ్యాపారం రాలేదు గానీ తువ్వాల మాత్రం వచ్చింది. ఆ తువ్వాల కిందే పాత మోటార్ సైకిల్ కొన్నాడు, పాత ఫ్రిజ్ కొన్నాడు. కొత్త వస్తువు కొనేవాళ్లను చూస్తే అతనికి జాలి. ఆ మోటార్ సైకిల్ మీద అతని వెనకాల కూర్చున్న ప్రతిసారీ నాకూ జాలేసేది, నా మీద.

ఇక మా ఆవిడ. పెళ్లైన కొత్తలో నా వెంట కాలువ గట్టు మీద నడుస్తూ, "ఈ నీళ్లు యాడికి పోతాయప్పా?" అని అడిగింది. పొలాలకు పోగా మిగిలినవి నదిలో కలుస్తాయి, నది సముద్రంలో కలుస్తుంది అని కొత్త పెళ్లికొడుకు గొప్పతనంతో చెప్పాను. మా కాలువలో మిగలడం అనే మాటే లేదని చెప్పలేదు. ఆమె కొంచెంసేపు ఆలోచించి, "అయితే ఒగసారి ఆ కొస సూపిచ్చు" అంది. అలాగే అన్నాను. ఆ 'అలాగే' ముప్పై ఏళ్లు నడిచింది. కాలువలో నీళ్లున్నప్పుడు మాకు సెలవులుండవు. నీళ్లు లేనప్పుడు సెలవులుంటాయి, చేతిలో డబ్బులుండవు. ఆమె ఏడాదికోసారి అడిగేది, తర్వాత రెండేళ్లకోసారి, ఆ తర్వాత అడగడం మానేసింది. అడగడం మానేశాకే నాకు భయం పట్టుకుంది. అడిగే మనిషికి ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. అడగని మనిషికి ఏం చెబుతాం.

రిటైర్మెంటుకు రెండేళ్లున్నాయనగా ఒకరోజు భాయ్ మా ఇంటికొచ్చి, సముద్రం సెకండ్ హ్యాండులో దొరుకుతోందని చెప్పాడు.

సంగతి ఏమిటంటే, ఆదోనిలో అతనికి తెలిసిన పత్తి వ్యాపారి ఒకాయన, అందరూ సేటు అనేవారు, కొన్నేళ్ల కిందట బెంగళూరు పోయి ఒక పెద్ద మాల్‌లో లక్కీ డ్రా చీటీ వేశాడు. మరునాడే ఫోన్ వచ్చింది, మీరు గెలిచారు, దంపతులిద్దరూ వచ్చి ఉచితంగా భోంచేసి పొండి అని. పోయారు. భోజనం ఉచితమే. భోజనం అయ్యాక టై కట్టుకున్న పిల్లలు చుట్టూ కూర్చుని, సంతకం పెట్టేదాకా లేవనివ్వలేదు. అలా గోవా దగ్గర సముద్రం ఒడ్డున ఒక రిసార్టులో గదికి ఆయన యజమాని అయ్యాడు. పూర్తి యజమాని కాదు. ఒకే గదికి వారానికొకరు చొప్పున ఏడాది పొడుగునా యజమానులు. మన వారం వచ్చినప్పుడు గది మనది. మిగతా ఏడాదంతా మనది కాదు. ఏటా కట్టాల్సిన నిర్వహణ రుసుము మాత్రం పూర్తిగా మనదే. సేటు అంత ఖరీదైన భోజనం ఇంకెప్పుడూ చేయలేదట. ఇప్పుడు ఆ సభ్యత్వాన్ని వచ్చిన ధరకు అమ్మేస్తానంటున్నాడు.

"కొత్తది కొంటే ఎద్దు ధర అన్నా, ఇది దూడ ధర" అన్నాడు భాయ్. "ఇంట్లో నలుగురు పండుకోవచ్చు. మీరిద్దరూ, మేమిద్దరూ. ఇంకా పదిహేనేండ్లు వాడుకోవచ్చంట."

మా ఆవిడ వంటింటి గడప దగ్గర నిలబడి అంతా విని నవ్వింది. "మా నాయన ఇట్లనే కదప్పా సదువుకునింది. సోమవారం ఒగరింట్లో, మంగళవారం ఇంగొగరింట్లో. వారాలు సెప్పుకొని తిన్యాడు. ఆయప్పను ఎవురూ దుడ్డు అడగలేదు."

బీదపిల్లలు వారాలు చెప్పుకుని చదువుకున్న దేశంలో ఉన్నవాళ్లు డబ్బిచ్చి వారాలు చెప్పుకునే రోజులొచ్చాయని నాకు అప్పుడే అర్థమై ఉండాలి. కాలేదు. ఎందుకంటే ఆమె నవ్వడం ఆపి, "సముద్రం గది కిటికీలోంచే కనిపిస్తాదా బాయ్?" అని అడిగింది. కనిపిస్తుందన్నాడు. ఆమె లోపలికి పోయి, చీటీ పాడుకుని దాచుకున్న డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను చేసిన పనల్లా రాసేచోట ఆమె పేరు రాయించడం. డబ్బు ఆమెది కాబట్టి సభ్యురాలు ఆమె. నేను, భాయ్, వాళ్లావిడ, మేమంతా ఆమె అతిథులం.

సేటు అంగడి ఆదోని మార్కెట్ యార్డు దగ్గర. పత్తి దూది గాలిలో ఎగిరి అందరి మీసాల మీదా వాలుతూ ఉంటుంది. భాయ్ భుజం మీది తువ్వాల తీశాడు. సేటు చేతిమీద కప్పాడు. లోపల చెయ్యి పెట్టి మొదటి వేలు పట్టుకున్నాడో లేదో, సేటు ఆ చెయ్యి గట్టిగా ఊపేసి "ఖాయం" అన్నాడు.

ఎద్దుల సంతలో అమ్మేవాడు మొదటి వేలికే ఒప్పుకుంటే, ఆ ఎద్దు పడుకుంటే మళ్లీ లేవదని అర్థం. ఈ మాట నాకు చెప్పింది భాయే. ఆ రోజు అతను దాన్ని పూర్తిగా మరిచిపోయి, బేరం తన చేతివాటం వల్లే కుదిరిందని దారి పొడుగునా చెప్పుకుంటూ వచ్చాడు.

అయితే అసలు తప్పు ధర దగ్గర జరగలేదు. వెళ్లబోతూ నేను ఒక తెలివైన ప్రశ్న వేశాను. "ఇంతకూ మన వారం ఏది సేటూ?" అన్నాను.

"ముప్పై నాలుగో వారం."

నేను మనసులో లెక్కేసుకున్నాను. మా శాఖలో ఏడాది జూలైలో మొదలవుతుంది. దాన్ని ఫసలీ అంటాం. నీటి తీరువా, వంతుల పట్టీ, అన్నీ ఆ ఫసలీ ప్రకారమే. ముప్పై ఏళ్లు ఆ లెక్కలో బతికిన బుర్రకు జనవరి అంటే ఏడాది మధ్యలో వచ్చే ఒక నెల, అంతే. ఫసలీ ప్రకారం ముప్పై నాలుగో వారం ఫిబ్రవరి నడుమ పడుతుంది. కాలువ కట్టేసి ఉంటారు, ఎండలు ముదరవు, సెలవు అడిగితే ఇస్తారు. దేవుడే చూసి పెట్టినట్టుంది అనుకున్నాను.

"అంటే శివరాత్రి పక్కనే కదా" అన్నాను.

"మీరన్యాక అంతే సార్" అన్నాడు సేటు.

ఆయన అబద్ధం చెప్పాడని నేను అనను. ఆయనకు ఏడాది దీపావళికి మొదలవుతుంది, కొత్త పద్దుల పుస్తకాలు తెరిచే రోజున. ఆ లెక్కన ముప్పై నాలుగో వారం ఎండాకాలం పోయి తొలకరి వచ్చేవేళ. భాయ్‌కి మొహర్రంతో మొదలు, అది ఒక చోట నిలిచేది కాదు కాబట్టి అతను లెక్కే వెయ్యలేదు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ఉగాది నుంచి లెక్కేసి "కార్తీకమాసంలోనా?" అంది. ఒక్క గదిని కొన్న మా దగ్గర నాలుగు సంవత్సరాలున్నాయి. కంపెనీ వాడికి జనవరి ఒకటిన మొదలవుతుందేమో అని ఒక్కరికీ తోచలేదు. ముప్పై నాలుగు అని కాకుండా 'మఖ కార్తె' అని రాసి ఉంటే, మా ఆఖరి తూము కింద బర్రెలు కాసేవాడు కూడా అయ్యో వద్దు సార్ అని ఉండేవాడు.

పేరు మార్చడానికి కంపెనీ ఒక రుసుం అడిగింది. సేటు కట్టకుండా వదిలేసిన ఏళ్ల నిర్వహణ రుసుమూ అడిగింది. తీరువా బాకీ ఉన్న పొలం కొంటే బాకీ కూడా కొన్నట్టే అని రైతులకు వందసార్లు చెప్పిన మనిషిని నేను. నోరు మూసుకుని కట్టాను. శివరాత్రి వచ్చింది, పోయింది, పేరు మార్పు ఇంకా జరుగుతూనే ఉంది. సరే వచ్చే ఏడాది అనుకున్నాం.

ఎండాకాలం చివర ఒకరోజు ఫోన్ వచ్చింది. హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి, గొంతులో చక్కెర పాకం. సభ్యురాలితో మాట్లాడాలంది. మా ఆవిడ జీవితంలో మొదటిసారి ఒక ఆఫీసు ఆమెను అడిగి ఫోన్ చేసింది. ఆమె చీర సవరించుకుని ఫోన్ తీసుకుంది, అందరికీ వినపడేట్టు పెట్టింది.

"కంగ్రాట్స్ మేడమ్, మీ వీక్ ఆగస్టులో వస్తోంది. గెస్టుల పేర్లు చెబితే నోట్ చేసుకుంటాను."

నేను ఫోన్ లాక్కున్నాను. "ఆగస్టు కాదమ్మా, ఫిబ్రవరి. ముప్పై నాలుగో వారం మాది."

"థర్టీ ఫోర్త్ వీక్ అంటే ఆగస్టే కదా సార్."

"ఏ ఫసలీ ప్రకారం?"

ఆ అమ్మాయి ఫసలీని పట్టించుకోకుండా, అది ఆఫ్ సీజన్ సార్, వర్షాలుంటాయి, సముద్రంలోకి దిగనివ్వరు, కానీ గ్రీనరీ చాలా బాగుంటుంది అంది. మఖ కార్తె. మా కాలువలోకి నీళ్లు దిగి, పై ఊళ్లూ కింది ఊళ్లూ ఒకరి తలలు ఒకరు పగలగొట్టుకునే కాలం. సర్వీసులో ఏ ఏడూ ఆ కార్తెలో నేను కడుపునిండా నిద్రపోలేదు.

మా వరండాలో కూర్చున్న భాయ్ లేచి వచ్చి ఫోన్ తీసుకున్నాడు. అతనికి ఇది చాలా చిన్న సమస్యలా తోచింది. కాలువ మీద రోజూ చూసేదే. ఒక రైతుకు పెళ్లి పనులుంటే తన వంతు పక్క రైతుకిచ్చి, వాడి వంతు తను తీసుకుంటాడు. నోటిమాట, అంతే. తూములు ఎత్తి దించే కాపలాదారు లష్కరుకు కూడా తర్వాతే తెలుస్తుంది.

"అమ్మా, మాకు ఆ వంతు కుదరదు. ఫిబ్రవరి వంతుదారు ఎవురో వాళ్ల నంబరియ్యి. మేం మేం మాట్లాడుకుంటాం."

"సార్, అలా కస్టమర్ల నంబర్లు ఇవ్వం సార్. ఎక్స్చేంజ్ రిక్వెస్ట్ పెట్టుకోండి."

"నువ్వు నడిమిన ఏమిటికమ్మా? లష్కరును అడక్కుండానే మార్సుకుంటారు మా రైతులు."

"లష్కర్ ఎవరు సార్?"

ఎక్స్చేంజ్‌కు అర్జీ పెట్టాం. దానికీ రుసుం ఉంది. ఫిబ్రవరిలో ఖాళీ లేదని జవాబొచ్చింది. ఏ ఏడాది అడిగినా ఫిబ్రవరిలో ఖాళీ ఉండదని కూడా తెలిసింది. ఫిబ్రవరి వారాలున్నవాళ్లు వాటిని వదులుకోరు. మరి నేను మాత్రం ఏ పై రైతు వంతును కింది రైతుకు ఇప్పించగలిగాను?

ఆ సాయంత్రం మా ఆవిడ పళ్లెంలో రొట్టె వేసి, "అయితే పోయేది లేదు" అంది. అడగడం కాదు, తెలుసుకుని చెప్పడం. ఎవరి మీద కోపమో తెలియక, "పోతాండాం, ఆగస్టులోనే పోతాండాం" అని అరిచాను. కాలువ ఏమైనా నా పేరు మీదుందా అనుకున్నాను.

మా సెక్షన్‌కు అప్పుడే వచ్చిన ఇంజనీరు చిన్నవాడు, కోస్తా వాడు. సెలవు చీటీ చూసి, "సముద్రంలో ఏముంది సార్, ఉప్పునీళ్లు" అన్నాడు. రోజూ చూసినవాడు కదా. ఆ ఏడాది డ్యాముకు నీళ్లు తక్కువ. ఆఖరి తూము వంతు సరిగ్గా మేం బయలుదేరే రోజే మొదలవుతోంది. అయినా సంతకం పెట్టాడు. మేమిద్దరం సర్వీసంతా ఆ కార్తెలో సెలవు అడగలేదని పాత రికార్డు చూసి అతనికే సిగ్గేసిందట.

బయలుదేరే ముందు ఆఖరి తూము దగ్గరకు పోయి లష్కర్లకు జాగ్రత్తలు చెప్పాను. తూము కింద కౌలుకు మిరప వేసుకున్న ఒక పెద్దమ్మ గట్టున కూర్చుని ఉంది. భర్త పోయాక ఒక్కతే చేసుకుంటోంది. నారు నాటి నీళ్ల కోసం చూస్తోంది.

"ఊరికి పోతాండావంట కదా సారూ."

"ఒక్క వారమేమ్మా."

"పోయిరా నాయనా. నువ్వూ మనిసివే కదా." మళ్లీ నారు వైపు తిరిగి, "అయితే నీళ్లూ నువ్వు తిరిగొస్తే నీ యెంబడే వస్తాయిలే" అంది.

నిష్ఠూరంగా కూడా అనలేదు. రేపు ఎండ కాస్తుంది అన్నట్టు అంది. ఆ మాట మోసుకుని ఇంటికొచ్చాను, ఎవరికీ చెప్పలేదు.

మరునాడు పొద్దున ఆదోని స్టేషన్లో నలుగురం నిలబడ్డాం. గుంతకల్లులో దిగి గోవా బండి ఎక్కాలి. మా ఆవిడ కొత్త చీర కట్టుకుంది. భాయ్ వాళ్లావిడ, మేం భాభీ అంటాం, ఒక పెద్ద డబ్బాలో జొన్నరొట్టెలు, చట్నీపొడి, గుడ్ల కూర తెచ్చింది. భాయ్ తువ్వాల భుజాన వేసుకుని వచ్చాడు, గోవాలో ఏం బేరం తగులుతుందో అని. నా జీవితంలో నేనంత తేలిగ్గా ఉన్న పొద్దు ఇంకోటి లేదు.

రైలు సిగ్నల్ పడింది. నా ఫోన్ మోగింది. ఆఖరి తూము లష్కరు. "సార్, తూములో సుక్క లేదు. పైన పైపులేసినారంట, వరసగా." నేను ఫోన్ పెట్టేలోపే భాయ్ ఫోన్ మోగింది. అతని లష్కరుదీ అదే మాట. "ఇద్దరు సార్లూ గోవా పోయినారు, ఇంగ ఎవురొస్తారు అంటాండారు సార్."

మేం సెలవు పెట్టిన సంగతి ఊళ్లన్నిటికీ తెలిసిపోయింది. పైపులు ఆ ముహూర్తం చూసుకునే వేశారు.

నేనూ భాయ్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇంజనీరు ఉన్నాడు, లష్కర్లున్నారు, మేం సెలవులో ఉన్నాం, ఇలాంటివన్నీ నోటిదాకా వచ్చాయి. ఆ పెద్దమ్మ మాట ఒకటి అడ్డం పడింది. రైలు వచ్చి ఆగింది.

మా ఆవిడ నా మొహం చూసింది. ఆమెకు ఏమీ చెప్పనక్కర లేకపోయింది.

"పో" అంది. "నువ్వు కట్టుకునింది నన్ను కాదు, ఆ కాలవను. ముప్పై ఏండ్లు సవితితో కాపురం సేసినా. ఈ పొద్దు కూడా దాని దగ్గరికే పో."

"ఈసారికి..."

"ఈసారి లేదు. వచ్చేసారీ లేదు. నీ మాట నమ్మి నేను మళ్లా ఈ చీర కట్టను." కళ్లు తుడుచుకుంది. తర్వాత భాభీ వైపు తిరిగి, "అక్కా, నీకు హిందీ వస్తాది. నాకు సదవను వస్తాది. పోదామా?" అంది.

భాభీ ఒక్క క్షణం భర్తను చూసింది, ఒక్క క్షణం రైలును చూసింది. "సలో" అని డబ్బా అందుకుంది.

"టిక్కెట్లు!" అన్నాను. నా చేతిలో నుంచి లాక్కుంది. "గది..." అన్నాను. "గది ఎవురి పేరు మీద ఉండాది?" అంది మెట్టు ఎక్కుతూ.

నిజమే. రికార్డు ప్రకారం సభ్యురాలు ఆమె. అతిథులు రాకపోయినా సభ్యత్వానికి వచ్చే నష్టమేమీ లేదు. రైలు కదిలింది. ప్లాట్‌ఫారం మీద మేమిద్దరం మిగిలాం, మా రెండు సంచులు మిగిలాయి. రొట్టెల డబ్బా మాత్రం పోయింది.

భాయ్ మోటార్ సైకిల్ మీద కాలువ గట్టుకు పోయాం. దారిలో అది రెండుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా తోస్తూ నేను సేటును తిట్టాను, కంపెనీని తిట్టాను, ఫసలీ కనిపెట్టిన మహానుభావుణ్ని తిట్టాను. చివరికి భాయ్, "అన్నా, వాళ్లు గుంతకల్లులో సరైన బండి ఎక్కుతారంటావా?" అన్నాడు. అప్పుడు తిట్లు ఆపేశాను.

నడిమి కాలువ దగ్గర మమ్మల్ని చూసి పై రైతులు నోరు తెరిచారు. ఒకడు పైపు మీద కూర్చునే, "గోవా అప్పుడే అయిపోయిందా సార్?" అని అడిగాడు. భాయ్ ఆ రోజు నవ్వలేదు. మామూలుగా అతను బతిమాలి, బామాలి, టీ తాగించి పని చేసుకొచ్చే మనిషి. "నా పెండ్లాం నేను లేకుండా రైల్లో పోతాంది" అన్నాడు, "నీ పైపు తియ్యి." ఎందుకో ఆ మాటకే పైపులు ఒకటొకటిగా లేచాయి. కొందరు తిట్టారు, ఒకాయన మట్టిగడ్డ విసిరాడు, అది నాకే తగిలింది. భాయ్ అక్కడే గట్టున కాపలా కూర్చున్నాడు. నేను కిందికి పోయాను.

గుంతకల్లులో సరైన బండే ఎక్కారని సాయంత్రం భాభీ ఫోన్ చేసింది. అంతకుమించి మాట్లాడనివ్వకుండా మా ఆవిడ పక్కనుంచి ఫోన్ పెట్టించేసింది.

నీళ్లు ఆఖరి తూముకు చేరేసరికి మరునాడు మధ్యాహ్నం అయింది. ముందు ఎండుటాకులు, చెత్త తోసుకుంటూ ఒక ఎర్రటి నాలుక లాగా వచ్చాయి. పెద్దమ్మ పార భుజాన వేసుకుని నిలబడి ఉంది. ఆమె చేతులెత్తి దండం పెట్టింది నీళ్లకు, నాకు కాదు. అదే న్యాయం. తూము షట్టరు ఎత్తుతుండగా ఫోన్ మోగింది. మా ఆవిడ.

ఎత్తగానే పెద్ద హోరు. వాన హోరో, సముద్రం హోరో తెలియలేదు.

"ఏమే, యాడుండావు?"

"కొసన ఉండా" అంది.

అంతే. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తెలియదు. నేను మాత్రం ఏడ్చాను, షట్టరు చక్రం పట్టుకుని, లష్కర్లు చూస్తుండగానే.

"ఎట్లుండాది?" అన్నాను కళ్లు తుడుచుకుని.

"నీళ్లబ్బా. కంటికి ఆననన్ని నీళ్లు. దిగనీలేదు, ఎర్రజెండాలు పెట్టినారు. ఒడ్డుననే కూసున్యాం. అదే వచ్చి మా కాళ్లు కడిగి పోతాంది." హోరు మీదుగా గొంతు పెంచింది. "తూముల్లేవు, లష్కర్లు లేరు. ఈడ ఎవురికీ వంతు లేదు."

పెద్దమ్మ పారతో నీళ్లు చేలోకి మళ్లిస్తూ, మడవ తిప్పుతూ తలెత్తి, "ఏమంటాంది సారూ ఆయమ్మ?" అని అడిగింది.

"సముద్రంలో వంతుల్లేవంట."

పెద్దమ్మ పార ఆపింది. "అట్లాంటి నీళ్లు తాగను పనికిరావులే" అని మళ్లీ మడవ తిప్పుకుంది.

వాళ్లు వారమంతా ఉండి వచ్చారు. భాభీ మాకు జీడిపప్పు తెచ్చింది, మా ఆవిడ నాకు ఒక గవ్వ తెచ్చింది, అదీ నా చేతికివ్వకుండా గూట్లో పెట్టి పోయింది. నెలరోజులకు మాటలు మామూలయ్యాయి.

రిటైరయ్యాక ఆ నిర్వహణ రుసుం బరువు తెలిసింది. అమ్మేద్దామనుకున్నాను. ఆదోని నుంచి బ్యాంకులో పనిచేసే ఒకాయన వచ్చాడు, భాయే తీసుకొచ్చాడు, తువ్వాలతో సహా. మా వరండాలోనే ముగ్గురం కూర్చున్నాం. తువ్వాల కింద ఆయన నా మొదటి వేలు పట్టుకున్నాడు. చెయ్యి ఊపడానికి సిద్ధంగా ఉన్నాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను. లోపలి నుంచి మా ఆవిడ వచ్చి, తువ్వాల లాగి భాయ్ భుజాన వేసి, "సభ్యురాలు నేను" అంది. "పాలు లేవు, అంగడికి పోయి తీసుకురాపో" అంది నాతో. బ్యాంకాయనకు టీ ఇచ్చి పంపేసింది.

ఆ ఏడాది మఖ కార్తెలో నేను మొదటిసారి అతిథిగా పోయాను. గదిలో ఏమీ లేదు, రెండు మంచాలు, ఒక పొయ్యి, ఒక కిటికీ. కిటికీ నిండా సముద్రం. దాని మీద వాన, కుండపోత. పనికిరాని ఉపకారాన్ని సముద్రంలో కురిసిన వాన అంటారు కదా, ఆ సామెతను కళ్లారా చూస్తూ నిలబడ్డాను. ముప్పై ఏళ్లు ఆకాశం వైపు చూసిన మనిషిని.

"దండగ వాన" అన్నాను. "ఇందులో ఒక్క గంట వాన మన ఆఖరి తూము మీద పడితే, పైవాళ్లతో పనే లేకుండా..."

మా ఆవిడ కుర్చీ కిటికీ దగ్గరకు జరుపుకుని కూర్చుంది.

"నీ వంతు అయిపోయిందప్పా" అంది, సముద్రం మీంచి కళ్లు తిప్పకుండానే. "ఇంగ తూము మూసి, సూడు."